కాలువ కూడా గోదావరియే

పుష్కరాలు వచ్చినప్పుడు లక్షలాది జనము గోదావరిలో స్నానము చేయుదురు. 2015లో చేసిరి, 2027లో మరల చేయనున్నారు. మంచిదే. కాని పన్నెండేండ్లకు ఒకసారి మనము నది వద్దకు పోవుచున్నాము. నది మాత్రము ఏటేటా మన ఊరికే వచ్చుచున్నది. ధవళేశ్వరము, విజ్జేశ్వరముల వద్ద బయలుదేరి, పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె పట్టుకొని మన చేనిగట్టు వరకు వచ్చు నీరు గోదావరి కాదా? రేవులో పసుపు కుంకుమలు వేసి మ్రొక్కిన నీటిలోనే ఊరి వంతెన మీదనుండి చెత్తబుట్ట బోర్లించుట ఏమి భక్తి?

1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట ఈ డెల్టాను కరవు నుండి గట్టెక్కించినది. అందుకే కాటన్ దొరను జనము నేటికీ తలచుకొందురు. 1982లో పూర్తయిన బారేజికి ఆయన పేరే పెట్టిరి. దాని క్రింద సుమారు పది లక్షల ఎకరములు సాగగుచున్నవి. విగ్రహమునకు దండ వేయుట సులువు. ఆయన త్రవ్వించిన కాలువలో పూడిక తీయుటయే కష్టము.

ఇది పంటకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. కోనసీమలోను, సముద్రపు ఒడ్డునను చాల పల్లెలలో బావినీరు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే అక్కడివారు మంచినీటి చెరువులను కాలువ నీటితో నింపుకొందురు. రెండు మూడు నెలలు వారికి అదే ఆధారము. ఎగువ ఊరి మురుగుగొట్టము, కోళ్లఫారపు వ్యర్థము, పురుగుమందు డబ్బాలు కడిగిన నీరు అన్నియు ఆ చెరువులోనికే చేరును. ఆ నీరు త్రాగు పసిబిడ్డకు మన ఊరి పేరైనను తెలియదు.

ఇక దాళ్వా సంగతి. సార్వాలో నది నిండుగా ఉండును గనుక తప్పులు పైకి కనబడవు. దాళ్వాలో నదిలో రాబడి తగ్గి, సీలేరు విద్యుత్కేంద్రముల నుండి వదలు నీటిపై డెల్టా ఎంతో ఆధారపడవలసి వచ్చును. వంతుల వారీగా ఇచ్చు ఆ కొద్ది నీటికి గుర్రపుడెక్క, తూడు అడ్డుపడినచో శివారు రైతుకు దక్కునది బురదయే. ఎగువన తూము పగులగొట్టినవారు, గట్టుకు గండి కొట్టినవారు అతని నోటి ముందరి ముద్ద తీసినట్లే. గుర్రపుడెక్కను పూత రాకముందే తీయించవలెను. గింజ రాలినచో అది బురదలో ఏండ్ల తరబడి బ్రతికి మరల మొలచును. తీసిన దానిని గట్టుమీదనే వదలక, వాడ్చి పేడతో కలిపి పోగుపెట్టినచో ఎరువగును.

మురుగు కాలువలను మరచుట అంతకంటె చేటు. నీరు పెట్టుటకు చూపు ఆత్రుత నీరు తీయుటకు చూపము. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు బాగుచేయుటకై 1968లో ప్రత్యేక పన్నుకు చట్టమే చేయవలసి వచ్చినది. అయినను 2011 ఖరీఫులో కోనసీమ రైతులు విసిగి పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు ముంపు బాధయు అందుకొక కారణము. మురుగు కాలువను ఆక్రమించి కొబ్బరి మొక్కలు నాటినవారు, రొయ్యల చెరువు ఉప్పునీటిని పంట కాలువలోనికి వదలువారు ఎక్కడివారో కారు, మన ఊరివారే. వారిని పంచాయతీలో నిలదీయుటకు మొగమాటపడుచున్నాము.

“నీటితీరువ కట్టుచున్నాము, ప్రభుత్వమే చేయవలె”నని కొందరందురు. పెద్ద కాలువలు, పెద్ద మురుగు కాలువల విషయములో వారి మాట న్యాయమే, అడిగి చేయించుకొనవలెను. కాని ప్రతి బోదెకు యంత్రము రాదు. పూర్వము కుడిమరామత్తు అను ఆచారముండెడిది. ఊరందరు కలిసి చెరువు, కాలువ బాగు చేసుకొనెడివారు. అయితే ఆ రోజులలో పారపట్టిన చేయి చాలవరకు పేదవానిది, ఫలము పెద్ద కమతము వానిది. అది మరల రావలెనని కోరుట లేదు. ఎన్ని ఎకరములు పారునో అంత వంతు డబ్బో పనో ఇచ్చుట నేటి పద్ధతి కావలెను. 1997 చట్టము క్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. 2024 డిసెంబరులో వానికి మరల ఎన్నికలు జరిగినవి. ఎన్నికనాటి ఉత్సాహము మట్టి తీయునాడు కూడ ఉండవలెను.

ప్రజలు పూనుకొనిన జరుగుననుటకు నది చివరనే తార్కాణము కలదు. కోరింగ ప్రాంతపు మడ అడవులు తుపాను గాలికి, అలల ఉద్ధృతికి అడ్డుగోడ. చెట్లు నరికిన చోట్ల నేల కుంగి, పోటునీరు నిలిచి ఇగిరి, ఉప్పు పేరుకొని, నాటిన మొక్క బ్రతుకకపోయెను. 1990 దశకము చివరనుండి తీరగ్రామముల సమితులు అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థల తోడ్పాటుతో చేపముల్లు ఆకారమున పిల్ల కాలువలు త్రవ్వి, పోటునీరు వచ్చిపోవు దారి కల్పించి మడమొక్కలు నాటిరి. అవి ఏపుగా పెరిగినవి. వలలు వేసి బ్రతుకు బెస్తవారు చేయగలిగినది, ఎకరములున్న మనకు చేతకాదా?

ఈ ఏడు కాలువలు కట్టుటకు పదిహేను రోజుల ముందే నీటి సంఘము, పంచాయతీ కలిసి ఒక సభ జరుపవలెను. కరణము, మునసబుల పదవులు 1984లో పోయినవి గనుక గ్రామ రెవిన్యూ అధికారి కొలతల పటము తెచ్చి ఆక్రమణలు చూపవలెను. పంచాయతీ కార్యదర్శి కాలువలో పడు మురుగుగొట్టములను లెక్కించి, వానికి ఇంకుడుగుంటల చోటు నిర్ణయించవలెను. ఏ బోదె ఎవరి వంతో ఆ సభలోనే వ్రాసికొనవలెను. ఆ సభకు శివారు ఊరివారిని కూడ పిలువవలెను; వారి మంచినీటి చెరువు నిండిన తరువాతనే కాలువ కట్టవలెనని అధికారులకు వ్రాయు అర్జీపై మొదటి సంతకము ఎగువ రైతులదే కావలెను.