అంతర్జాలపాఠము : విద్యార్థుల అభిరుచి – అధ్యాపకుల బాధ్యత

2020 మార్చిలో కళాశాలలు మూతపడిన పిదప, ఉద్యోగవిరమణ పొంది చాలకాలమైన నన్ను అంతర్జాలము ద్వారా లఘుసిద్ధాంతకౌముది చెప్పుమని ఒక కళాశాలవారు కోరిరి. పాఠశాలలో గురువుగారి యెదుట నేలపై కూర్చుండి చదివినవాడను. ఫోనులో శాస్త్రపాఠమేమి అని సందేహించుచునే అంగీకరించితిని.

విద్యార్థులు ఈ పద్ధతిని ఏల ఆదరించుచున్నారో విచారింపక నిందించుట న్యాయము కాదు. పగలు పనికి పోవువారు, పసిబిడ్డల తల్లులు, వసతిగృహమునకు రుసుము చెల్లింపలేనివారు నా పాఠము వినిరి. నేను చదివిన పాఠశాలలో వీరిలో పెక్కురకు ప్రవేశమే లేదు. విన్నదానిని మరల వినుటకు వీలున్నదను వారి మాటయు సత్యమే.

అయినను ఒక సంగతి నన్ను కలచివేసినది. పాఠమును మూడుమారులు వింటినన్న విద్యార్థిని ‘రామః’ అను రూపమును సాధింపుమంటిని. సు ప్రత్యయమును చెప్పెను. సకారమునకు రుత్వము, రేఫమునకు విసర్గము చెప్పవలసినచోట ఆగిపోయెను. తరగతిలో ఏల నోరు విప్పవని అడుగగా, “తప్పు చెబితే అందరూ వింటారు గురువుగారూ! రికార్డింగు ముందు ఆ సిగ్గుండదు” అనెను.

ఇందులో వాని దోషము కొంత, మా దోషము అధికము. మా కాలమున తప్పునకు బెత్తమే సమాధానము. భయపడిన శిష్యుడు తప్పును దాచుకొనును. దాచుకొన్న తప్పును దిద్దువారుండరు. వేదాధ్యయనమున గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమారులు చెప్పు సంథపద్ధతిలో, గురువు చెప్పుటకన్న వినుటయే ఎక్కువ. రికార్డింగు చెప్పగలదు, వినజాలదు.

‘స్వయం’ వేదిక ద్వారా అభ్యసింపదగిన పాఠ్యాంశముల పరిమితిని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో 20 శాతముగను, 2021లో 40 శాతముగను నిర్ణయించినది. ప్రాచ్యకళాశాలలు దీనిని తిరస్కరింపనక్కరలేదు. సాహిత్యచరిత్ర, శాస్త్రపరిచయము వంటివి అట్లు వినవచ్చును. రూపసిద్ధి, పంక్తివ్యాఖ్యానము, ఉచ్చారణము మాత్రము ఎదుట కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కరి చేత చెప్పించి, కసరక దిద్దవలసినవి. అంతర్జాలము వలన మిగిలిన కాలమును ఇందులకే వినియోగింపవలెను.

గంటసేపు తానే మాటలాడి, ఒక్కనిచేతనైనను ఒక పంక్తి చెప్పింపని అధ్యాపకుని తరగతికిని, రికార్డింగునకును భేదమేమి? అట్టి తరగతిని విడిచి విద్యార్థి ఫోనును ఆశ్రయించినచో, వానిని తప్పుపట్టు అధికారము మనకు లేదు.