పాత కారునకు గ్యాసు



వేసవి పచ్చళ్ళను గూర్చి వ్రాసినప్పుడు, మా కారు గ్యాసుతో నడచుచున్నదని మాటవరుసకు ఒక్క వాక్యము వ్రాసితిమి. పచ్చళ్ళ మాట అటుంచి, మమ్మెరిగిన వారందరును ఆ వాక్యమును గూర్చియే అడుగుచున్నారు. వంటింటి సిలిండరేనా? ప్రమాదము కాదా? ఎంత మిగులును? యంత్రశాస్త్రము మాకు రాదు. మాకు వచ్చినదల్ల చిన్ననాడు నాయనగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన నాలుగు పర్వములును, రెండు ప్రబంధములును. అయినను పొయ్యి సంగతియు, ఇంటి లెక్కయు తెలియును గనుక జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము.

మా అత్తగారికి మూత్రపిండములు చెడి మూడేండ్లయినది. వారమునకు మూడు దినములు పొన్నూరునుండి గుంటూరు పోయి డయాలిసిస్ చేయించుకొనవలెను. పోను రాను 60 కిలోమీటర్లు. నాలుగు గంటలు మంచముమీద నుండి తిరిగి వచ్చునప్పుడు ఆమెకు కూర్చుండు ఓపికయైన నుండదు. బస్సు పనికిరాదు, ప్రతిసారి అద్దెకారు బడిపంతులు జీతమునకు అందదు. కావున మావారు వెనుక చక్రాల కుర్చీకి చాలినంత చోటున్న పాత ఎస్టేటు కారు నొకదానిని కొనిరి. ఈ జాతి కార్లు మన దేశమున ఎక్కువగా చెల్లలేదు. మారుతివారి బెలీనో ఆల్ట్యురా, 2004లో వచ్చిన టాటావారి ఇండిగో మెరీనా వంటివి కొన్ని వచ్చి ఆగిపోయినవి. డిక్కీ వేరుగా తోకవలె నుండిననే గాని మనవారి కంటికి అది కారు కాదు! ఆ కారణమున మాకు చౌకగా దొరకినది. కాని చౌకగా వచ్చిన గేదె మేతలో తన వెల రాబట్టుకొన్నట్లు, అది లీటరు పెట్రోలునకు 12 కిలోమీటర్లకు మించి నడువదు. ఆసుపత్రి ప్రయాణములకే ఏటికి 780 లీటర్లు!

అప్పుడు మా వీధి చివరి మెకానిక్కు ఒక ఉపాయము చెప్పెను. "మాస్టారూ, పెద్ద కిట్టు మీకెందుకండీ! ఎనిమిది వేలివ్వండి. ఇంట్లో రెండో సిలిండరు వెనకాల పడుకోబెట్టి గొట్టం తగిలిస్తాను. ఊళ్ళో ఎంతమందికి చెయ్యలేదూ?" అనెను. మావారు అవుననలేదు, కాదనలేదు. బడిలో పిల్లలకు తప్పొప్పులు చెప్పు మనిషి అట్లు నేలచూపులు చూచుచు నిలుచుండుట మాకు కొత్త.

ఆ రాత్రి మేము మందులిచ్చుచుండగా అత్తగారు మెల్లగా, "అమ్మాయీ, వారానికి రెండుసార్లు వెళితే చాలదూ? నాకిప్పుడు బాగానే ఉంటోంది" అనిరి. బాగుగా నున్నదట! పాదముల వాపు మాకు కనబడుచునే యున్నది. మూడు తప్పరాదని వైద్యులు స్పష్టముగా చెప్పియున్నారు. వాకిటిలో మెకానిక్కు చెప్పినదంతయు ఆమె వినిరన్నమాట. గడప యవతల నిలిచి మావారు ఈ మాట వినిరి. తెల్లవారి లేచి మెకానిక్కునకు వలదని తామే చెప్పి వచ్చిరి.

ఎందుకు వలదో చెప్పెదము. రెండు చోట్లను కాలునది ప్రొపేను, బ్యుటేను అను వాయువుల మిశ్రమమే. భేదమంతయు పాత్రలో నున్నది. వంటింటి సిలిండరు నిలువుగా నుండి పైనుండి ఆవిరిని మాత్రమే ఇచ్చుటకు చేయబడినది. దానిని పడుకొనబెట్టినచో ఆవిరికై యుంచిన గొట్టములోనికి ద్రవమే దూకును. గొట్టము తెగినచో తనంతట మూతపడు కవాటము దానికి లేదు. కారు టాంకికి కలదు. కొందరు సిలిండరునుండి కారు టాంకిలోనికి గ్యాసును వంపుకొందురు. ఇది మరియు ఘోరము. ద్రవము ఎండకు పొంగును గనుక కారు టాంకి నూటికి 80 పాళ్ళు నిండగనే ఆగునట్లు ఏర్పాటుండును. ఇంటిలో తలక్రిందుగా పట్టి వంపువారికి కొలత యేది? కారిన ద్రవము ఒక లీటరు సుమారు 250 లీటర్ల ఆవిరి యగును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోక నేలబారుగా ప్రాకి నిప్పునకై పొంచియుండును. చట్టము మాటయు కలదు. కార్లకు ఈ గ్యాసు వాడుకొనుటకు 2000 సంవత్సరమున అనుమతి వచ్చినది గాని, అది కార్లకై అమ్ము గ్యాసునకే. ఇంటికిచ్చిన సిలిండరును కారునకు తగిలించుట నేరము. ఋతుపర్ణుని కొలువులో బాహుకుడు వంటయు చేసెను, రథమును తోలెను. పొయ్యిని మాత్రము రథమున కెక్కించినట్లు మేము చదువలేదు.

మా చీటీ పాట పాడి, నష్టమునకే యెత్తి, ఆ సొమ్ముతో గుంటూరులో అనుమతి గల కార్ఖానాకు పోతిమి. వారు మొదట ఇంజనులోని నాలుగు గదులలో ఒత్తిడి సరిగా నున్నదో లేదో కొలిచిరి. ఇది మంచి లక్షణము. అరిగిన ఇంజనునకు గ్యాసు మందు కాదు. కొలువకయే కిట్టు తగిలించువారిని నమ్మరాదు. ప్లగ్గులును, గాలి వడబోయు ఫిల్టరును మార్పించిరి. పిమ్మట టాంకి దగ్గర పేచీ వచ్చినది. సీటు వెనుక అడ్డముగా పెట్టు పొడుగు టాంకి నాలుగు వేలు తక్కువట. మరి చక్రాల కుర్చీ? "పైన కారియరు మీద కట్టుకోండమ్మా" అనిరి. నిలువలేని మనిషిని ఎండలో ఆసుపత్రి వాకిట ఆపి, పైనుండి కుర్చీ దింపుకొనవలెనా? ఎవరి కొరకు ఈ కారు కొంటిమో ఆమె కుర్చీయే పట్టనిచో ఆ నాలుగు వేలు ఏమి మిగులు? స్టెపినీ పెట్టు గుంటలో అమరునట్టి, గారెవలె నడుమ రంధ్రముగల గుండ్రని టాంకినే పెట్టించితిమి. అది 45 లీటర్లది, 36 నిండగనే ఆగును. స్టెపినీ మాత్రము గూడులేని పక్షి యైనది.

పని తీరు ఇది. టాంకినుండి ద్రవము సన్నని గొట్టమున ముందునకు వచ్చి, ఇంజనులోని వేడినీటి సాయమున ఆవిరియై లోనికి పోవును. కావున నీరు వేడెక్కువరకు కారు పెట్రోలుతోనే నడచి, పిదప తానే గ్యాసునకు మారును. పెట్రోలు టాంకిని ఎండబెట్టరాదు. అందలి పంపు పెట్రోలులో మునిగియే చల్లబడుచుండును. అతుకు లన్నిటికి సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూచిరి. మనము రెగ్యులేటరు దగ్గర చేయునదే! తరువాత రవాణా కార్యాలయమున రిజిస్ట్రేషను పత్రముపై గ్యాసు సంగతి ఎక్కించితిమి. బీమావారికిని తెలిపి అదనపు సొమ్ము కట్టితిమి. ఇది తప్పించుకొనువారు పెక్కురు. ప్రమాదము జరిగిననాడు బీమావారు మొదట చూచునది ఆ పత్రమునే.

ఇక లెక్క. గ్యాసు లీటరునకు మా కారు పదికి కొంచెము తక్కువగా నడచుచున్నది. మేము లెక్క కట్టిననాడు పెట్రోలు 110 రూపాయలు, గ్యాసు 65. కిలోమీటరునకు సుమారు రెండున్నర మిగులును. ఏటికి ఇరువది రెండు వేల పైచిలుకు. కిట్టునకు, పత్రములకు కలిపి 42 వేలు పట్టినవి గనుక అసలు రాబట్టుటకు రమారమి రెండేండ్లు. నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరుగువారు ఈ జోలికి పోవలదు. గ్యాసు బంకులును అరుదు. మా త్రోవలో ఒక్కటే యున్నది, అదియు ఒకనాడు మూసియుండెను. కార్తికమాసమున కోటప్పకొండ ఘాటు ఎక్కునప్పుడు బండి కొంచెము నీరసించినమాటయు నిజము.

దాచరాని సంగతి యొకటి కలదు. మొదటి సర్వీసు చేయించిన బుధవారము సాయంకాలము, కారు పెట్టు కొట్టములో కుళ్ళిన ఉల్లిపాయ కంపు కొట్టెను. గ్యాసునకు సహజముగా వాసన లేదు. కారుచున్నదని మనకు తెలియుటకే ఆ కంపును కలుపుదురు. మావారు దీపము వేయబోగా మేము చేయి పట్టుకొంటిమి. తలుపులు రెండును బార్లా తెరచితిమి. ఆయన టాంకిపై నున్న చేతి కవాటమును మూసిరి. తాళము త్రిప్పక, పక్కింటి పిల్లల సాయమున కారును బయటికి త్రోయించితిమి. మరునాడు మనిషి వచ్చి చూడగా, సర్వీసులో విప్పిన అతుకొకటి సరిగా బిగింపలేదని తేలినది. తల వంచుకొని బిగించి పోయెను. అది మొదలు సర్వీసునుండి వచ్చిన ప్రతిసారి సబ్బునీరు గిన్నెతో మేమే ఎదురు పోవుచున్నాము. ఆసుపత్రిలో నేలక్రింది కొట్టున కాక, పైన ఆరుబయటనే కారు నిలుపుచున్నాము. ఐదేండ్లకొకసారి టాంకికి ఒత్తిడి పరీక్ష చేయింపవలెను. ఆ తేదీని పాలలెక్క పుస్తకము మొదటి పుటలో వ్రాసికొంటిమి.

స్టెపినీని ఇప్పుడు వెనుక చక్రాల కుర్చీ ప్రక్కన పట్టీతో నిలువుగా కట్టుచున్నాము. దాని నలుపు కుర్చీకి అంటుకొనుచున్నదని మా అత్తగారు, డయాలిసిస్ లేని ఒక మంగళవారము కూర్చుండి, తమ పాత జరీచీరతో దానికి గలీబు కుట్టిరి. బంకులో గ్యాసు పట్టు కుర్రవాడు వెనుక తలుపు తెరచినప్పుడెల్ల అదేమని అడుగుచున్నాడు.