ప్రాణమున్న రాళ్ళు

కొత్త ఇంట్లో కాలు పెడుతూనే పాలు పొంగించడం మన ఆచారం. ఆ వెనుక మంచాలూ, గిన్నెలూ, పుస్తకాల పెట్టెలూ ఒకటొకటే దిగుతవి. దారిలో ఏదైనా పగిలితే నాలుగు రోజులు విచారించి మరొకటి కొనుక్కుంటాము. కాని, హాల్లో అద్దాల తొట్టి పెట్టి, నిండా ఉప్పునీరు పోసి సముద్రపు చేపలను పెంచుకునేవారికి ఇల్లు మారడమంటే ఇంత తేలిక కాదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు కాపురం మారుస్తూ ఫోను చేశాడు. "చేపలను నీళ్ళసంచుల్లో పట్టుకుపోవచ్చు మామయ్యా, ఆ రాళ్ళ సంగతే తోచడం లేదు" అన్నాడు. రాళ్ళకు కూడా దిగులేమిటని మా ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వవలసిన విషయం కాదని వివరం తెలిసిన తర్వాత అర్థమైంది.

ఆ రాళ్ళు మన గుట్టల మీది రాళ్ళవంటివి కావు. పగడపు జీవులు తరతరాలుగా కట్టుకుని వదిలేసిన సున్నపు గూళ్ళవి. స్పంజిలాగా ఒళ్ళంతా రంధ్రాలే. ఆ రంధ్రాల్లో కంటికి కనిపించని బాక్టీరియా, సన్నని పురుగులు, చిట్టి రొయ్యలవంటి జీవులు, పైన గులాబిరంగు నాచుపొర కాపురముంటవి. అందుకే వాటికి 'లైవ్ రాక్' అని పేరు. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఇట్టి రాళ్ళనే నమ్ముకుని సముద్రజీవులను తొట్టిలో పెంచే పద్ధతిని 1961లో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' అనే అమెరికన్ పత్రికలో వివరించాడు.

ఇంతకూ ఈ రాళ్ళు చేసే పని ఏమిటి? చేప విసర్జించే దానిలో అమ్మోనియా ఉంటుంది. అది చేపకు విషం. రాతిని అంటిపెట్టుకున్న బాక్టీరియాలో ఒక జాతి దానిని నైట్రైటుగాను, మరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తవి. గాలి చొరని లోపలి అరల్లో మరికొన్ని ఆ నైట్రేటును నత్రజనిగా మార్చి బయటికి పంపుతవి. అంటే, ఆ ఇంటికి వంటా, పాకీ రెండూ రాళ్ళే. అటువంటి రాయి ఎండిపోతే లోపలి జీవులు చచ్చి, కుళ్ళి, తామే అమ్మోనియాను పుట్టిస్తవి. కంచే చేను మేసినట్లన్నమాట! కొత్త ఇంట్లో మొదటి వారంలోనే చేపలు తేలిపోవడానికి తరచు ఇదే కారణం.

డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు కారులో సుమారు నాలుగు గంటలు. అంత మాత్రం ప్రయాణానికి, తొట్టినీటిలోనే తడిపిన వార్తాపత్రికలు రాళ్ళకు చుట్టి, మూత ఉన్న ఐస్‌పెట్టెలో సర్దితే చాలు. పెట్టెలో ఐసు మాత్రం వేయరాదు. బాక్టీరియాకు తడి ఉంటే చాలు. స్పంజికి గాలి తగిలితే ముప్పు గనుక, అది పెరిగిన రాయిని మాత్రం నీటిలో ముంచే తీసుకుపోవాలి.

కొత్త ఇల్లు సిద్ధం కావడానికి వారమో, రెండు వారాలో పట్టేటట్లుంటే, ఆహారపదార్థాలకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ములో రాళ్ళను పూర్తిగా ముంచి ఉంచాలి. నీటిని కదిలించే చిన్న పంపు ఒకటి, 25 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వేడిని నిలిపే హీటరు ఒకటి తప్పనిసరి. దీపం అక్కరలేదు, చీకట్లో నాచు పాలిపోయినా వెలుతురులో మళ్ళీ కోలుకుంటుంది. రాతిమీద బతికున్న పగడాలుంటే మాత్రం వాటికి వెలుగు కావాలి. నీరు ఆవిరై తగ్గినప్పుడు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు గదా! లీటరుకు 35 గ్రాముల లవణం ఉంటే సముద్రంతో సమానం. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఏదో చచ్చిందని గుర్తు. వెంటనే ఆ రాతిని వేరు చేసి, నీరు మార్చాలి.

అటకమీది ఇత్తడి గంగాళాన్ని ఈ పనికి దించవద్దు. ఇత్తడిలో రాగి ఉన్నది. వెన్నెముకలేని సముద్రజీవులకు రాగి విషం. శుభ్రమవుతుందని రాళ్ళను మరగబెట్టడం అంతకన్నా ప్రమాదం. కొన్ని మెత్తని పగడాల్లో పాలీటాక్సిన్ అనే దారుణమైన విషముంటుంది. అది ఆవిరితో ఊపిరిలోకి పోతుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకరు తొట్టి శుభ్రం చేస్తుండగా ఈ విషం వెలువడి, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేనిదే రాళ్ళ జోలికి పోరాదు.

తొట్టిని నీళ్ళతో సహా ఎత్తే సాహసం కూడదు. 200 లీటర్ల ఉప్పునీరు 200 కిలోలకు పైమాటే. అడుగు ఇసుకలో చేరిన మడ్డిని అట్లాగే కొత్త ఇంటికి మోసుకుపోరాదు. కడిగిగాని, మార్చిగాని వేయాలి. పాతనీరు కొంత వెంట తీసుకుపోయినా, నమ్ముకోవలసింది రాళ్ళనే. పాలకు తోడు ఎటువంటిదో కొత్త తొట్టికి ఈ రాయి అటువంటిది. తోడు మంచిదైతే పెరుగు తోడుకుంటుంది.

ఇదంతా విని, మన విశాఖ తీరంలో దొరికితే రెండు రాళ్ళు ఏరుకువద్దామని ఎవరైనా అనుకుంటారేమో! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతిపగడాలన్నిటినీ చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. ఇటీవల చాలామంది మామూలు సున్నపురాతినో, కృత్రిమంగా చేసిన రాతినో తొట్టిలో వేసి, దానిమీద బాక్టీరియాను కొద్ది వారాలపాటు పెంచుకుంటున్నారు. ఓపిక ఉంటే అదీ లైవ్ రాకే అవుతుంది.

చివరిమాట. రాళ్ళు సర్దగానే చేపలను వదలాలని పిల్లలు తొందరపెడతారు. పరీక్షగొట్టంలో నీటిరంగు చూసి చెప్పే పని వాళ్ళకే అప్పగించండి. అమ్మోనియా ఏమాత్రం లేదని తేలేదాకా చేపలు తమ బక్కెట్టులో, గాలిబుడగల మధ్య ఉండవలసిందే. పిల్లలకు ఆ కాస్త ఆలస్యం ఒక పాఠం. చేపలకు అది ప్రాణం.