ఏడవని పిల్లవాడు

గత రంజాన్‌కు ముందు ఒక శుక్రవారం. ఆదోని షాహీ జామియా మసీదులో జుమా నమాజు ముగిసిన తరువాత ముప్పై ఏళ్ళ యువకుడొకడు మా వద్దకు వచ్చి సలాము చేశాడు. మేము గుర్తించలేకపోయాము. ఇరవై ఏళ్ళ క్రితం మా వద్ద హిఫ్జ్ మొదలుపెట్టి మధ్యలో మానేసిన విద్యార్థినని అతడే చెప్పాడు. ఇప్పుడు ఎమ్మిగనూరులో దర్జీ పని చేసుకుంటున్నాడు. ఇద్దరు బిడ్డల తండ్రి.

"హజ్రత్, మిషను ముందు కూర్చుని బట్ట కుడుతుంటాను. ఉన్నట్టుండి ఈ చేతులు నావి కావనిపిస్తుంది. ఎవరో కుడుతున్నట్టు, నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. ఇంటికి పోతే బిడ్డ 'అబ్బా' అంటూ మెడకు చుట్టుకుంటుంది. అద్దం అవతలి నుంచి చూసినట్టు ఉంటుంది గానీ మనసుకు తాకదు. అమ్మీ తాయెత్తు కట్టించింది. ఇది ఆసేబా? లేక నా ఈమాన్ పోయిందా?"

ఎప్పటి నుండి ఇలా ఉందని అడిగాము. అతడు తల వంచుకున్నాడు.

"చిన్నప్పుడు మీరు కొట్టేటప్పుడు మొదలైంది హజ్రత్. దెబ్బ పడగానే నేను పైకప్పు దూలం మీదికి వెళ్ళిపోయేవాణ్ణి. అక్కడి నుంచి చూస్తే కింద దెబ్బలు తినేది ఇంకెవరో పిల్లవాడు. అందుకే ఏడుపు వచ్చేది కాదు."

అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చింది. కోసిగి వైపు గ్రామం నుండి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు. ఏటా అతని తల్లిదండ్రులు సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళిపోయేవారు. నెలల తరబడి పలకరించేవారు ఉండేవారు కాదు. సబఖ్ అప్పగించలేని రోజున మేము బెత్తం ఎత్తేవాళ్ళం. అతడు కన్నీరు పెట్టకుండా గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. మొండితనమనుకుని మరో రెండు దెబ్బలు వేసేవాళ్ళం. అది మొండితనం కాదని ఆ శుక్రవారం తెలిసింది.

తన నుండి తానే వేరైపోయినట్లు అనిపించే ఈ స్థితిని వైద్యులు డీపర్సనలైజేషన్ అంటారు. చుట్టూ ఉన్న లోకం కలలా, తెర మీది బొమ్మలా తోస్తే అది డీరియలైజేషన్. జ్ఞాపకం, అనుభూతి, స్పృహ ఒకదానితో ఒకటి తెగిపోయే ఇటువంటి స్థితులన్నిటికీ కలిపి డిసోసియేషన్ అని పేరు. ఘోరమైన అనుభవాలకూ ఈ స్థితికీ గల సంబంధాన్ని ఫ్రాన్సుకు చెందిన పియరీ జానే 1889లోనే తన గ్రంథంలో చర్చించాడు.

దీని వెనుక ఉన్న సంగతి గ్రహించడం కష్టం కాదు. పెద్దవాడు ఆపదలో ఎదిరిస్తాడు, లేదా పారిపోతాడు. పసివానికి ఆ రెండు దారులూ ఉండవు. కొట్టే చెయ్యే అన్నం పెట్టే చెయ్యి అయినప్పుడు ఎక్కడికి పోతాడు? శరీరం కదలలేని చోట మనసు తప్పుకుంటుంది. ఆ క్షణానికి అది రక్షణే. కానీ పదే పదే వాడిన దారి అలవాటవుతుంది. ఆపద తొలగిపోయిన తరువాత కూడా చిన్న భయానికీ, అలసటకూ, ఒక్కొక్కసారి ప్రేమకూ సైతం మనసు ఆ దారినే పట్టి వెళ్ళిపోతుంది.

కారణం దెబ్బలే కానక్కరలేదు. లైంగిక హింస, ఇంట్లో నిత్యం జరిగే కొట్లాటలు, తల్లి లేక తండ్రి మరణం కూడా ఇందుకు దారితీస్తాయి. తిట్లు, అవమానం, పట్టించుకోకపోవడం వంటి మానసిక హింసకు డీపర్సనలైజేషన్‌తో ప్రత్యేక సంబంధం ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, గంజాయి వంటి మత్తు కూడా దీనిని రేపుతాయి. అరుదుగా మూర్ఛవ్యాధిలోనూ ఇది కనిపిస్తుంది. క్షణకాలం ఇలా అనిపించడం చాలామందికి జరిగేదే, దానికి భయపడనక్కరలేదు. విడవకుండా వేధించే వ్యాధి రూపంలో అది సాధారణంగా కౌమారంలో, సుమారు 16 ఏళ్ళ ప్రాయంలో మొదలవుతుంది. ఇది పిచ్చి కాదు. చేతులు తనవేనని ఆ దర్జీకి తెలుసు; తనవి కానట్లు 'అనిపిస్తోంది', అంతే. ఆ తేడా అతనికి తెలుస్తూనే ఉంటుంది.

ఇక ఈమాన్ మాట. యూసుఫ్ (అలైహిస్సలాం) ఎడబాటుతో యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు తెల్లబారిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆయన ఒక ప్రవక్త. 1095లో బాగ్దాదు నిజామియాలో బోధిస్తున్న ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) నాలుక పాఠం చెప్పలేక మూగబోయింది. ఈ వ్యాధికి మూలం హృదయంలో ఉందని వైద్యులు తేల్చారు. మనసు గాయపడటం విశ్వాస రాహిత్యం కాదు. ఖుర్ఆన్ పారాయణం చేయండి, దుఆ చేయండి. వాటితోపాటు వైద్యుని వద్దకూ వెళ్ళండి. చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశమే. బాధితుణ్ణి ఆసేబ్ పేరుతో కట్టివేయడం, కొట్టడం గాయం మీద గాయం చేయడమే.

పదేళ్ళ వయసులో నమాజు కోసం దండించమన్న హదీసు లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. ముఖం మీద కొట్టరాదని, గాయం కారాదని, తన కోపం తీర్చుకోవడానికి చెయ్యెత్తరాదని ధర్మవేత్తలు దానికి హద్దులు కూడా గీశారు. మా బెత్తం ఆ హద్దులలో లేదు. హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) పదేళ్ళు ప్రవక్త సేవలో ఉండి ఒక్క విసుగు మాట కూడా వినలేదు. ఆ పదేళ్ళలో ఆయన పొరపాట్లు చేయలేదా? విద్యార్థుల పట్ల కాఠిన్యం వారిని అబద్ధానికీ, కపటానికీ అలవాటు చేస్తుందని ఇబ్న్ ఖల్దూన్ ఆరు శతాబ్దాల క్రితమే ముఖద్దిమాలో హెచ్చరించారు. మేము ఆ పేరును పాఠంలో చెప్పాము గానీ ఆ హెచ్చరికను చేతికి చెప్పుకోలేదు.

బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. 2012 సవరణ మదరసాలను ఆ చట్టం నుండి మినహాయించింది. ఆ మినహాయింపు మనకు సంతోషం కాకూడదు. ఆ చట్టం అడగని చోట అల్లాహ్ అడుగుతాడు.

తల్లిదండ్రులారా, ఉస్తాదులారా! దెబ్బకు ఏడవని పిల్లవాణ్ణి చూసి గట్టివాడని మురిసిపోకండి, మొండివాడని కోపగించకండి. పిలిస్తే పలకక శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే బిడ్డను, జరిగినది జ్ఞాపకం లేదనే బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా మాట్లాడించండి. సుగ్గికి వెళ్ళేవారు బిడ్డను ఎవరి వద్ద వదిలారో, అక్కడ వానికేమి జరుగుతోందో ఫోనులో వానినే అడగండి. హింస జరుగుతున్నదని తెలిస్తే 1098కు ఫోను చేయండి. మానసిక బాధకు టెలీ మానస్ 14416 రాత్రింబవళ్ళు ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనసు తప్పుకుంటున్నప్పుడు కాళ్ళు నేలకు ఆనించి, చేతికందిన వస్తువును తాకి, చుట్టూ ఉన్నవాటి పేర్లు పలకమని వైద్యులు చెబుతారు. వుజూ నీటి చల్లదనం కూడా అందుకు తోడ్పడవచ్చు. అయితే అది చికిత్సకు బదులు కాదు.

ఆ రోజు మసీదు మెట్ల మీద మేము అతణ్ణి క్షమాపణ అడిగాము. "దాని కోసం రాలేదు హజ్రత్" అని అతడు మా చేతులు పట్టుకున్నాడు. తరువాతి వారం ఇద్దరమూ కలిసి కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుని వద్దకు వెళ్ళాము. అతడు ఇంకా వెళుతూనే ఉన్నాడు, నయమైపోయిందని చెప్పలేము. మొన్న ఫోనులో మాత్రం, "హజ్రత్, నిన్న పాప నవ్వితే నాకు నవ్వు వచ్చింది" అన్నాడు.

మా తరగతి గదిలో ఇప్పుడు బెత్తం లేదు. తాను తప్పుకున్న చోటి నుండి ఆ బిడ్డ మనసును అల్లాహ్ పూర్తిగా ఇంటికి చేర్చుగాక! మా చేతులు చేసిన దానిని మన్నించుగాక! ఆమీన్.