నేపాళమున అలజడి - యాత్రికులు

2025 సెప్టెంబరు రెండవ వారమున కాఠ్మండూ నగరమున చెలరేగిన మంటల వేడి మన యిండ్లకును తగిలినది. పశుపతినాథుని దర్శనమునకును, ముక్తినాథ మానససరోవర యాత్రలకును వెడలిన ఆంధ్రులు రెండువందలమందికి పైగా అచ్చట చిక్కుకొనిరి. విమానాశ్రయము మూతపడెను. వారు వసతిగృహములలో తలుపులు బిగించుకొని గడియలు లెక్కించుచుండ, ఇచ్చట వారి బంధువులు టెలిఫోనులకడ నిద్రలేక కూర్చుండిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రత్యేక విమానము నేర్పరచి పెక్కుమందిని స్వదేశము చేర్చుట ప్రశంసనీయము. కాని మనవారు క్షేమముగా వచ్చిరను సంతోషముతో మన విచారణ ముగియరాదు.

ఈ యుపద్రవమునకు మూలమేమి? సెప్టెంబరు 4వ తేదీన ఓలీ ప్రభుత్వము ఫేస్‌బుక్కు, యూట్యూబు మొదలగు 26 సామాజిక మాధ్యమములను నిషేధించెను. అవి నిబంధనల ప్రకారము రిజిస్టరు కాలేదనుట పైకి చెప్పిన కారణము. అధికారుల అవినీతిని, వారి బిడ్డల విలాసములను యువకులు ఆ మాధ్యమములలోనే యెండగట్టుచుండిరి. నోరు నొక్కినంతమాత్రమున కడుపుమంట చల్లారునా? 8వ తేదీన వీధులకెక్కిన యువజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ యొక్కదినముననే 19 మంది ప్రాణములు గోల్పోయిరి. మరునాడు ప్రధానమంత్రి రాజీనామా యిచ్చెను. పార్లమెంటు భవనము, సింహదర్బారు, సుప్రీముకోర్టు, వానితోపాటు హిల్టన్ హోటలును అగ్నికి ఆహుతులయ్యెను.

బిడ్డలపై తుపాకులు పేల్చిన ప్రభుత్వమును మేము నిరసించుచున్నాము. అట్లని హోటలుకు నిప్పంటించుటను సమర్థింపజాలము. యజమాని యెట్లో నిలదొక్కుకొనును. వంటవాడు, పక్కలు పరచు స్త్రీ, టాక్సీ నడుపువాడు వీధిపాలగుదురు. యాత్రికుడు నాలుగుదినములు భయపడి యిల్లు చేరును. మూటలు మోయు కొండకూలి యెచ్చటికి పోవును? వానలు వెనుకబట్టి శిఖరములు తేటపడు శరత్కాలమే వాని పంటకాలము. ఆ రెండుమూడు నెలల కూలియే చలికాలపు గ్రాసము. అలజడి సరిగా ఆ కాలపు గుమ్మముననే వచ్చిపడినది.

నేపాళమునకు ఈ కష్టము క్రొత్తది కాదు. 1996లో మొదలైన మావోయిస్టుల సాయుధపోరాటము పదేండ్లు సాగెను. ఆ నడుమ 2001లో రాజకుటుంబము అంతఃపురముననే హతమయ్యెను. 1999లో 4 లక్షల 91 వేలుగానున్న విదేశ యాత్రికులు 2002 నాటికి 2 లక్షల 75 వేలకు తగ్గిపోయిరి. 2006లో శాంతి యొడంబడిక కుదిరెను. మరుసటియేడే వారి సంఖ్య 5 లక్షల 26 వేలయ్యెను. 2024లో 11 లక్షల 47 వేలమంది వచ్చిరి. ఇన్నియేండ్లలో హిమాలయము కదలలేదు, కదలినది నమ్మకము. యాత్రికుని రప్పించునది కొండ యొక్కటియే కాదు, ఆ దేశమున రేపు తెల్లవారునను ధైర్యము.

ఆ ధైర్యమును ప్రకటనపత్రములు కలిగింపజాలవు. ప్రజల మాట విను ప్రభుత్వమే కలిగింపగలదు. నేపాళ యువకులు లక్షలాదిగా పొట్టచేతబట్టుకొని గల్ఫుదేశములకును మలేషియాకును వలసపోవుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు పల్లెలకు ఈ దుఃఖము తెలియనిది కాదు. ఊరిలో మిగిలినవారికి యాత్రికుడే యాధారమైనచోట, పాలకుల దుర్నయమును ఉద్యమకారుల తొందరపాటును కలిసి ఆ యాధారమునే తెగగొట్టినవి. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ సెప్టెంబరు 12వ తేదీన తాత్కాలిక ప్రభుత్వమునకు నాయకురాలగుటతో వీధులు శాంతించినవి. కాని పోయిన ప్రాణములు డెబ్బదికి మించినవి.

మన పాఠకులకొక మాట. యాత్రకు వెడలువారు ముందుగా అచ్చటి పరిస్థితులు విచారింపవలెను. రాయబార కార్యాలయపు టెలిఫోను సంఖ్యను దగ్గరనుంచుకొనవలెను. ఇది వివేకము. శాంతి నెలకొన్న పిదపను ఆ దిక్కు చూడకుండుట మాత్రము వివేకము కాదు. పాలింపనివారిని, తగులబెట్టనివారిని శిక్షించుట యగును. మన పూజామందిరములలోని సాలగ్రామములు గండకీనది యిచ్చినవి. ఆ నదియొడ్డున బ్రదుకువారితో మనకు సంబంధము లేదనుకొనుట ధర్మము కాదు.