పిల్లల దిగులు ఈమాన్ లోపం కాదు

 

ఈ నెల మేము చెప్పదలచిన మాట మా పొరపాటుతోనే మొదలవుతుంది.

శృంగవరపుకోటలో మా వద్ద ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకునే బాలుడొకడు 2020లో పదవ తరగతి విద్యార్థి. ఆ మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. మస్జిదులు మూతపడ్డాయి. ఆ ఏటి తరావీహ్ నమాజులూ, ఈద్ నమాజూ ఇళ్లలోనే జరుపుకున్నాం. జూన్ 20న పదవ తరగతి పరీక్షలు రద్దు చేస్తున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడు జూన్ 24న ఇంటర్ పరీక్షలూ రద్దయ్యాయి. పరీక్ష రాయకుండానే గట్టెక్కాడని అందరూ అతణ్ణి అదృష్టవంతుడన్నారు.

ఆ బాలుడు మాత్రం రాత్రంతా మేలుకొని పగలు పడుకోసాగాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. స్నేహితుల పేరెత్తితే విసుక్కునేవాడు. ఫజ్ర్ నమాజు తప్పసాగింది. తల్లి కన్నీళ్లతో మా వద్దకు వచ్చింది. “ఈమాన్ బలహీనపడింది. ఫోను తీసుకోండి, నమాజుకు పంపండి” అని తీర్పు చెప్పాం. అతణ్ణి పిలిచి మందలించాం కూడా. తలవంచుకుని విన్నాడు. ఆ తర్వాత మా ఎదుట పెదవి విప్పలేదు.

రెండవ విడత కోవిడ్‌లో అతని నానమ్మ మరణించిన సంగతి మాకు తెలుసు. జనాజాకు నలుగురైదుగురినే అనుమతించారనీ, అతణ్ణి వెళ్లనివ్వలేదనీ తెలుసు. తెలియనిది ఒక్కటే. స్నేహితులతో క్రికెట్ ఆడి తానే ఆ వ్యాధిని ఇంటికి తెచ్చానని ఆ బిడ్డ నమ్ముతున్నాడు. మేము నమాజు గురించి అడిగాం గాని, అతని గురించి అడగలేదు.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే పసివాడు పెంచుకున్న పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాడు దిగులుగా ఉండటం గమనించారు. పేరుతో పిలిచి, పిట్ట సంగతి అడిగారు. పిట్టకోసం ఇంత విచారమా అనలేదు. హదీసు పాఠంలో ఈ ఘట్టాన్ని మేము ఎన్నోసార్లు బోధించాం. ఆచరించవలసిన రోజున మరచిపోయాం.

కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడేంతగా దుఃఖించారని దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా తెలుపుతున్నది. ఒక ప్రవక్త దుఃఖమే ఈమాన్ లోపం కానప్పుడు, పదహారేళ్ల బాలుని దుఃఖం ఎలా అవుతుంది?

వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర రక్షణతోపాటు మనోరక్షణను గురించీ ఒకే గ్రంథంలో వివరించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరని, కారణం తెలియని దుఃఖానికి మూలం శరీరంలోనూ ఉండవచ్చని, దానికి వైద్యం అవసరమని గుర్తించాడు. నేటి విషయానికి వస్తే, కోవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, మానసిక కుంగుబాటు 25 శాతం పెరిగాయని, యువత ఎక్కువగా నలిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. అంటే మా శిష్యుడు ఒంటరివాడు కాడు.

ఆలస్యంగానైనా మేము అతని ఇంటికి వెళ్లాం. మాదే తప్పని చెప్పి, పక్కన కూర్చున్నాం. చాలాసేపటికి అతడే అడిగాడు: “హజ్రత్, నానమ్మ నన్ను క్షమిస్తుందా?” వ్యాధి ఎవరినుంచి ఎవరికి సోకిందో అల్లాహ్‌కే తెలుసునని, తెలియక జరిగినదానికి అతడు దోషి కాడని చెప్పాం. నానమ్మ కోసం ఇద్దరం దుఆ చేశాం. తర్వాత తండ్రి అతణ్ణి విశాఖపట్నంలో వైద్యునికి చూపించాడు. కొన్ని నెలలకు అతడు మళ్లీ పాఠానికి వచ్చాడు. ఫజ్ర్‌కు కూడా వచ్చాడు, ఎవరూ పంపకుండానే.

బిడ్డ నిద్ర, ఆకలి, మాట, ఆట రెండు వారాలకు మించి మారిపోతే మందలించకండి, అడగండి. చెప్పేదాకా ఓపిక పట్టండి. వైద్యునికి చూపించండి. చనిపోవాలన్న మాట అతని నోట వస్తే ఒక్క పూట కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. అక్కడికి వెళ్లడం పరువు తక్కువ కాదు. వైద్యం చేయించుకొమ్మని చెప్పినది దైవప్రవక్తే (స). దుఆ మానవద్దు, వైద్యమూ మానవద్దు.

అల్లాహ్ మన బిడ్డల హృదయాలకు నెమ్మదినీ, వారి మాట వినే ఓర్పును మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.