తాతగారు కొడుకు వేషం కట్టిన వేళ

2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఆయన పాత సినిమాలు పదింటిని ఏరి, దేశంలో చాలా ఊళ్లలో మళ్లీ వేశారు కదా. మా మనవరాలిని వెంటబెట్టుకుని ‘దేవదాసు’కు వెళ్లాను. దానికి పదేళ్లు. మొదటి గంటంతా తినుబండారాల మీదే దాని ధ్యాస. చివర్లో దేవదాసు పార్వతి ఇంటి ముందు కూలిపోయేసరికి మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “తాతయ్యా, పాపం ఈయన ఇంత చిన్నప్పుడే చచ్చిపోయాడా?” అనడిగింది.

“లేదమ్మా, తొంభైకి దగ్గరదాకా బతికాడు. నీలాంటి మనవలను ఎత్తుకుని ఆడించాడు” అన్నాను. నమ్మితేనా!

దాని తప్పేం లేదు లెండి. తెరమీద చచ్చిపోవడంలో అక్కినేనికి వచ్చినంత పేరు మరో హీరోకి రాలేదు. 1949లో మజ్నూగా పోయారు, 1953లో దేవదాసుగా పోయారు. ఆ తాగుబోతు చూపు కోసం రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని, కళ్లు మూతలు పడుతుంటే షూటింగుకు కూర్చునేవారన్న సంగతి మీలో చాలామందికి తెలిసిందే. తాగింది పెరుగు, పేరు మాత్రం మందుది!

అసలు బతుకు దానికి పూర్తిగా ఎదురు. గుడివాడ దగ్గర రామాపురంలో 1924 సెప్టెంబరు 20న రైతు ఇంట పుట్టారు. చదువు పెద్దగా సాగలేదు. నాటకాల్లో ఆడవేషాలు కట్టేవారు. బెజవాడ స్టేషన్లో ఘంటసాల బలరామయ్యగారి కంట పడ్డారు, 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యారు. ఆ తర్వాత కథ మీకు నేను చెప్పాలా? చెప్పను. ఈ వారం నాకు కావలసింది నటసామ్రాట్టు కాదు, ఆ ఇంటి పెద్దాయన.

ఆయనకు ముగ్గురు కూతుళ్లు, ఇద్దరు కొడుకులు. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రోజుల్లో గుండె కోశారంటే ఇంక మనిషి పడక్కుర్చీకే అనుకునేవారు. ఈయన తిరిగొచ్చి, బంజారా హిల్స్‌లో బండరాళ్ల మధ్య భార్య పేరుతో స్టూడియో కట్టించారు. 1976 సంక్రాంతికి అది మొదలైంది. ఆ కోసిన గుండెతోనే మరో నలభై ఏళ్లు నడిచారు, నటించారు. 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’ వచ్చింది. తండ్రి పోయాడన్న కబురు గుండెల్లో దాచుకుని తాతగారింట్లో నవ్వుతూ తిరిగే మనవరాలి కథ. అందులో ఆయన పంచె, ఆయన మౌనం చూసి, ‘మా తాతయ్య అచ్చు ఇంతే’ అనుకోని వాళ్లెవరు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. దాచుకోవడం అన్నాను కదా. మన సినిమాల్లో జబ్బును దాచుకోవడం పెద్ద త్యాగం. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’ గుర్తుందా? హీరోకి క్యాన్సరని తెలుస్తుంది. తను ప్రేమించిన పిల్ల బాగుండాలని, చెడిపోయినవాడిలా నటించి ఆమెను దూరం చేసుకుంటాడు. ఆ సినిమా నేను మా నాన్నతో చూశాను. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడాయన. మళ్లీ వారం తిరక్కుండా రెండోసారి ఒక్కడే వెళ్లొచ్చాడు.

నాలుగైదేళ్లకు అదే జబ్బు మా నాన్నకొచ్చింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను ఇంటికొచ్చి, “కడుపులో పుండట నాన్నా, తగ్గిపోతుందిట” అన్నాను. అమ్మకూ అదే చెప్పాను. ఎనిమిది నెలలు ఇంటిల్లిపాదీ పుండు గురించే మాట్లాడుకున్నాం. ఆయన పోయాక కాంపౌండరు చెప్పాడు, “మీ నాన్నగారు మొదటి వారంలోనే నన్నడిగి తెలుసుకున్నారండీ, అబ్బాయికి చెప్పొద్దన్నారు” అని. అంటే ఎనిమిది నెలలు ఆయన నా కోసం నటించాడు, నేను ఆయన కోసం నటించాను. చెప్పుకోవాల్సిన మాటలు ఇద్దరి దగ్గరా ఉండిపోయాయి. దీన్ని త్యాగమంటారో, తెలివితక్కువతనమంటారో మీ ఇష్టం.

అందుకే 2013 అక్టోబరు 19 నాకు గుర్తు. ‘ప్రేమాభిషేకం’ హీరో, ఎనభైతొమ్మిదేళ్ల వయసులో, విలేకరులను పిలిపించుకుని తనకు క్యాన్సరని తన నోటితో తనే చెప్పారు. తెరమీద దాచినవాడు బయట దాచలేదు. టీవీలో అది చూస్తూ మా ఆవిడ, “ఎంత గుండెధైర్యమండీ” అంది. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

అప్పటికే ‘మనం’ షూటింగ్ నడుస్తోంది. తండ్రీకొడుకులు కలిసి నటించడం కొత్త కాదు. ‘కలెక్టర్ గారి అబ్బాయి’ ఉంది, ‘ఇద్దరూ ఇద్దరే’ ఉంది, 2006 నాటి ‘శ్రీరామదాసు’లో ఈయన కబీరుగా వచ్చారు. కానీ మూడు తరాలను ఒక్క కథలో పెట్టిన విక్రమ్ కుమార్ చేసిన చిలిపి పని చూడండి. నాగార్జున పోషించిన పాత్ర పేరు నాగేశ్వరరావు. నాగచైతన్య పాత్రకు నాగార్జున అని పేరు. పెద్దాయన పాత్రేమో చైతన్య! చిన్నప్పుడు అమ్మానాన్నలను పోగొట్టుకున్న ఆ ముసలాయనకు, వాళ్లు మళ్లీ పుట్టి కళ్లబడతారు. ఆ నాన్న ఎవరయ్యా అంటే, సొంత కొడుకు నాగార్జునే. కొడుకు మొహంలోకి చూస్తూ ‘నాన్నా’ అనుకునే ఆ కళ్లను మీరు చూసే ఉంటారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కథలో మలుపులు కొన్ని నాకు రెండోసారికి గానీ ఎక్కలేదు. ఆ కళ్లు మాత్రం మొదటిసారికే ఎక్కాయి.

ఆపరేషన్ అయ్యాక డబ్బింగు మిగిలింది. తన గొంతు మరొకరు చెప్పకూడదని ఇంట్లోనే ఆ పని పూర్తిచేశారు. 2014 జనవరి 22 తెల్లవారుజామున పోయారు. స్టూడియోలోనే అంత్యక్రియలు జరిగాయి. మే 23న సినిమా విడుదలైతే, పోయిన నాలుగు నెలలకు ఆయన నవ్వుతూ తెరమీదికొచ్చారు. తరువాత 2019లో ఎన్టీఆర్ కథ తీస్తే, అందులో అక్కినేని వేషం కట్టింది ఆయన పెంచిన మనవడు సుమంతే. ఆ పోలిక చూసి హాల్లో ఈలలు వేశారు జనం.

‘దేవదాసు’ చూసొచ్చిన ఆదివారం మా మనవరాలికి ఇంట్లో ‘మనం’ వేసి చూపించాను, పెద్దాయన బతికే ఉన్నాడని రుజువు చూపించాలి కదా! అది వేళ్లమీద లెక్కలు కట్టింది. “అంటే తాతయ్యా, ఈ తాతగారికి ఆయన కొడుకే నాన్నా?” అంది. అవునన్నాను. “అయితే నువ్వు నాకు కొడుకువి” అని తేల్చేసి, రాత్రి భోజనాల దగ్గర నాకు తనే పెరుగన్నం కలిపింది. మంచినీళ్ల గ్లాసు, నా మాత్రల డబ్బా కూడా తెచ్చి పెట్టింది. అందులో తెల్లదాన్ని పైకెత్తి, “ఇది దేనికి తాతయ్యా?” అనడిగింది.

పక్కనుంచి మా అబ్బాయి ‘బలానికి’ అనబోతున్నాడు. వాణ్ణి ఆపాను.

“గుండెకమ్మా. కొంచెం పాడైంది” అన్నాను.